నా బదులు ఆయన చదివిన పాఠాలు

ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ నా కుడి భుజం ఎప్పుడో చేతులెత్తేసింది. అక్కడ కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది, పై అంతస్తులో ఫోన్ దగ్గర. ఆ కుర్చీ దక్కాలంటే ఈ ఊరి భాష మాట్లాడటం రావాలి. నేనేమో ఏళ్ల తరబడి దుప్పట్లతోనే కాపురం చేస్తున్నాను. ఇంట్లో భుజం సంగతి ఎత్తలేదు. జీతం పెరుగుతుందని మాత్రం చెప్పాను.

ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టాను. అందులో మాట్లాడే ఆడగొంతుకి పంతులమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఎన్ని తప్పులు చెప్పినా కోప్పడదు, అదే నాకు ఒళ్లుమంట. ఒక్కరోజు మానేస్తే మాత్రం ఇన్నాళ్ల వరుస తెగిపోతుందంటూ ఏడుపు బొమ్మ పంపిస్తుంది. పని నుంచి వచ్చి సోఫాలో కూలబడితే రెండో ప్రశ్నకే కళ్లు మూతలు పడేవి. అయినా వరుస తెగలేదు. నిద్రమత్తులోనే చేసేస్తున్నాను కాబోలనుకున్నాను. అలసిపోయిన మనిషి ఏదైనా నమ్ముతుంది.

నాలుగో మెట్టు పూర్తయిందని సర్టిఫికెట్ వచ్చింది. అది చూసి మా సూపర్‌వైజరమ్మ మర్నాడే మాట్లాడే పరీక్ష పెట్టించింది. పరీక్షకి ముందురోజు సాయంత్రం ఒకసారి చూసుకుందామని పాఠం తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఏమండీ, ఇవన్నీ నేనెప్పుడు చదివాను?"

ఇంట్లోనే కుట్టుపని చేసుకునే మా ఆయన మిషన్ ఆపారు. "నువ్వు నిద్రపోయేదానివి. లేపబుద్ధి కాలేదు. వరుస తెగితే బాధపడతావని నేనే..."

"రోజూనా?"

"ఛ, రోజూ ఎందుకు? ఆదివారాలు నువ్వే చేసేదానివిగా."

పరీక్షలో సూపర్‌వైజరమ్మ ఏదో అడిగింది. తల ఊపాను. ఇంకేదో అడిగింది. మళ్లీ ఊపాను. మూడోదానికి ఊపకూడదని ఆవిడ ముఖం చూశాకే తెలిసింది. కొన్నాళ్లాగి రమ్మంది. కుర్చీ ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే ఆయన తలుపు తీసి, పరీక్ష ఏమైందని ఆ భాషలోనే అడిగారు. ఎంత చక్కగా అడిగారో! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోయింది! చదివింది మీరు, నిద్రపోయింది నేను! రేపు మళ్లీ దుప్పట్లు ఎవరెత్తుతారు? మీ పంతులమ్మా?"

అరిచేశాక ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను అరిచింది కూడా ఆ భాషలోనే. లాండ్రీలో పక్కవాళ్లు పోట్లాడుకుంటుంటే చెవిన పడ్డ మాటలన్నీ వరసగా ఊడిపడ్డాయి.

"ఇదే అక్కడ మాట్లాడి ఉంటే..." అన్నారు.

"అక్కడ నాకు కోపం తెప్పించినవాళ్లు లేరు."

ఆయన నా ఎదురుగా కూర్చున్నారు. "అయితే ఇంకా తిట్టు. తప్పులుంటే దిద్దుతాను."

తిట్టే ఓపిక లేదు. ఆ భాషలోనే నోటికొచ్చిన చిన్న మాట చెప్పాను. "భుజం నొప్పిగా ఉంది."

"ఎప్పటినుంచి?"

"చాలా కాలం నుంచి. అందుకే ఆ కుర్చీ అడిగాను."

ఆయన నా భుజం మీద చెయ్యి వేయబోయి, నొప్పెడుతుందేమోనని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత మా భాషలోకి వచ్చేశారు.

"జీతం కోసమే అనుకున్నాను. ఇదని తెలిస్తే రోజూ లేపేవాణ్ణి కదే."