మూడో సంబంధం

శనివారం పొద్దున సుధారాణి ఉగ్గానికి బొరుగులు నీళ్లలో ముంచి పిండుతుంటే, భర్త నాగేంద్ర ఫోను పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. హిందూపురం బజారులో పాత్రల అంగడి అతనిది. బిందె కొనడానికి వచ్చినవాళ్లు నాలుగు పక్కలా తట్టి చూడందే కొనరు. ఆ అలవాటు అతనికీ పట్టుకుంది. ఇంటి పనులు చూసుకునే ఏఐ ఒకటి కావాలని, మూడింటిని ఫోనులో ఎక్కించి వారానికొకదానికి పరీక్ష పెట్టాడు.

"ఒక్కపొద్దుకు అమ్మకేం పెట్టాల అని అడిగినా. అన్నం మాని పండ్లు తినమంటాది. సరేనా?"

"అత్తమ్మ ఉగ్గాని తింటాది."

అదే మాట ఫోనుకు చెప్పాడు. బొరుగులూ బియ్యంతో చేసినవే కాబట్టి అన్నం మానినవాళ్లు అవీ మానాలని అది మర్యాదగానే జవాబిచ్చింది. ముప్పై ఏళ్లుగా ఉగ్గాని తింటూ ఒక్కపొద్దు ఉంటున్న అత్తగారు రంగమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. "ఎవురే అది, నా ఒక్కపొద్దుకు వంక పెట్టేది? తీసేయ్ నాయనా దాన్ని!" మొదటిది అలా పోయింది.

మరుసటి వారం రెండోది. అమ్మ బీపీ మాత్ర గుర్తు చేయమంటే ఏ మాత్ర, తిండికి ముందా తర్వాతా అని అడిగింది. నాగేంద్రకు తెలిస్తే కదా! ప్రతి ప్రశ్ననూ వంటింట్లోకి మోసుకొచ్చి, జవాబు మోసుకెళ్లి, రెండు రోజులకే విసుగెత్తి "ఊరికే సతాయిస్తాండాది" అని తీసేశాడు. మూడోది మాత్రం ఏమడిగినా ముందు "చాలా మంచి ప్రశ్న సార్" అంది. నాగేంద్ర మొహం వెలిగిపోయింది. "ఇదీ బుద్ధిమంతురాలంటే!"

సుధారాణికి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. పన్నెండేళ్ల కింద ఈయన చూసిన సంబంధాల్లో తనూ మూడోదే. పెనుకొండ అమ్మాయి ఎదురు మాట్లాడిందని, కదిరి అమ్మాయి అంగడి సంగతులు అడిగిందని వదులుకున్నారు. ధర్మవరంలో తల వంచుకుని కూర్చున్న తనను చూసి రంగమ్మ అన్నదీ ఇదే మాట, బుద్ధిమంతురాలు. నిజానికి తను సిగ్గుపడి తల వంచలేదు. రంగమ్మ చీర అంచులో నెమలి మెడ వంకరగా వచ్చింది, దాన్నెలా సరిచేయాలా అని చూస్తూ ఉండిపోయింది. ఏం చూస్తున్నావని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చిన్ననాటి స్నేహితురాలు సుమలత ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో గీయించే ఆఫీసు పెట్టి, గీత బాగా తెలిసిన తనను ఈ సోమవారం నుంచి పనిలోకి రమ్మంది. పొద్దున రైలుకు పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. నాగేంద్ర మాత్రం నెల నుంచీ ఒకటే మాట, "నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారు?"

ఆదివారం అతను వాళ్లక్కతో ఫోనులో గొప్పలు పోయాడు. "ఇంట్లో ఎవురూ లేకపోయినా అన్నీ ఇదే చూసుకుంటాదిక్కా!" ఆ వెంటనే తన ఫోను సుధారాణి చేతిలో పెట్టి, "అన్నీ దాంట్లో ఎక్కించు" అన్నాడు.

సాయంత్రం దాకా ఎక్కించింది. మాత్రలు, గ్యాసు, పాలు, కుళాయి నీళ్లు వచ్చే రోజులు, ఎవరికి ఏ కూర పడదో అదీ. ప్రతిదానికీ అది "చాలా బాగా చెప్పారు మేడమ్" అంటూనే ఉంది. పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఆమెను మెచ్చుకున్నది అదొక్కటే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోను మెచ్చుకుంటే ఏడుపేమిటే అని తనను తానే తిట్టుకుంది.

సోమవారం పొద్దున సంగటి కెలికి, తన డబ్బా తను కట్టుకుని, చెప్పులేసుకుంది. "పనికి పోతాండా. ఇల్లు అది చూసుకుంటాదని మీరే అంటిరి గదా."

నాగేంద్ర నోట్లో పళ్లపుల్లతోనే వాకిలి దాకా వెంట వచ్చాడు.

రైలు పెనుకొండ చేరేసరికి ఆమె ఫోను మోగింది.

"సుధా, అంగడి బీగంచెవులు యాడ పెట్టినావు?"

"దాన్నడగండి."

"అడిగినా. చాలా మంచి ప్రశ్న సార్, ఇంట్లో ఉండేవాళ్లను అడగండి అంటాది."

"ఇప్పుడు ఇంట్లో ఉండేది మీరూ అత్తమ్మే గదా. ఎతుక్కోండి."

ఫోను సంచిలో వేసి, నోటుపుస్తకం తీసి, నెమలి మెడ తిన్నగా గీయడం మొదలుపెట్టింది.