మడికి బూజు దులిపిన తమ్ముడు

ఆంజినప్ప మడిలో కాలు పెట్టకముందే ముక్కు మూసుకున్నాడు. వేప్పనపల్లి చుట్టుపక్కల ఆ పురుగుమందు వాసన లేని పొలం లేదు. అతని మడిలో మాత్రం రెండువేల నాలుగు నుంచి, మూడేళ్ళుగా, అది లేదు. ఇప్పుడు నాలుక మీదికి కూడా ఎక్కింది. ఉమ్మేశాడు. పోలేదు.

మొన్న పెట్టిన తడిలో, వరుసల మధ్య, కప్పలు తెల్లటి పొట్టలు పైకి చేసి తేలుతున్నాయి. ఒక ఎండ్రకాయ గట్టుదాకా పాకి వచ్చి చచ్చింది. దాని మీద అప్పుడే ఈగలు.

"మాదా!"

తమ్ముడు మాదప్ప నవ్వుతూ వచ్చాడు. "చూస్తివా అన్నా, ఎంత శుద్ధంగా ఉందో! నిన్న నువ్వు క్రిష్ణగిరికి పోయినప్పుడు మందు కొట్టేసినాను."

"ఎందుకురా?"

"పైరు నిండా సాలెగూళ్ళు. ఇంటికి చుట్టాలు వస్తారంటే బూజు దులపమా? సామల్పట్టి నుంచి ఇరవైమంది వచ్చి చూసి, ఈళ్ళకి ఆడదిక్కు లేదా అనుకోరా?"

ఆంజినప్పది ఈ మడిలో కొత్త రకం సాగు. లేత నారు ఒక్కొక్కటిగా, జానెడు ఎడంలో నాటి, నీళ్ళు నిలవ కట్టకుండా ఆరుతడి పెడుతున్నాడు. సాలీళ్ళు చేరాకే పురుగు తగ్గింది. మందు లేకుండా వరి పండుతుందని కళ్ళారా చూపించాలనే ఆ ఇరవైమంది రైతుల్ని పిలిపించాడు.

తిట్టడానికి నోరు తెరిచాడు. తమ్ముడి చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. డబ్బా వీపున మోసుకుని ఎకరమంతా ఒక్కడే తిరిగాడు, అన్న పరువు కోసం. 

వ్యాను వచ్చింది. ఈ సాగు నేర్పే సంఘం మనిషి గిరిప్రసాద్ ముందుగా దిగి, వాసనకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆంజినప్ప అతన్ని పక్కకు పిలిచి జరిగింది చెప్పాడు.

"ఇప్పుడేమీ చెప్పొద్దప్పా. పక్క మడి వాసన అందాం. వీళ్ళని నేను కాసేపు వ్యాను దగ్గరే ఆపుతాను, ఆ కప్పల్ని ఏరెయ్. ఫోటో తీసుకోని పోతారు, అంతే."

ఆంజినప్ప ఏరి గోతాంలో వేశాడు. వేళ్ళకు జిగట. మూడేళ్ళ కష్టం పోకూడదు కదా అనుకున్నకొద్దీ తన చేతులంటే తనకే రోత పుట్టింది.

"ఒక్క చుక్క మందు ఎరగని నేల ఇది!" అని గిరిప్రసాద్ చెబుతుంటే అందరూ ఆంజినప్ప వైపు చూశారు. అవునన్నట్టు తల ఊగింది. ఊపింది తనేనా అనుకున్నాడు.

"పిలకలు బాగుండాయప్పా," అంది మంజులమ్మ, వచ్చినవాళ్ళలో పెద్దావిడ. "ఒంటి నారు పెట్టమంటే మా ఊళ్ళో నాటే ఆడోళ్ళు నాకు పిచ్చి పట్టిందన్నారు." చీర ఎత్తిపట్టుకుని మడిలోకి దిగింది. వక్కాకు నమిలిన నోరు పుక్కిలిద్దామని దోసిట్లో నీళ్ళు పట్టింది.

"వద్దమ్మా! పారెయ్!"

ఆమె చేతులు విడిపోయాయి.

"మందు కొట్టినాము. నిన్ననే." ఆంజినప్ప గోతాం తెచ్చి గట్టు మీద కుమ్మరించాడు.

ఎవరో నవ్వారు. "ఇదేనా మీ మందు లేని వరి? దీనికా మేము పొద్దున్నే లేసి వచ్చింది?"

"కొట్టింది నేను. అన్నకి తెలీదు," అన్నాడు మాదప్ప. వినడానికి ఎవరూ నిలబడలేదు. గిరిప్రసాద్ అందరికంటే ముందే వ్యానెక్కాడు.

మంజులమ్మ తన నీళ్ళ బాటిలు తెచ్చుకుని చేతులు కడుక్కుంది. మిగిలిన నీళ్ళు ఆంజినప్ప చేతుల మీద పోసింది. "రుద్దప్పా. గోళ్ళల్లో కూడా."

అతను రుద్దుకున్నాడు.

"ఆ సాలీళ్ళు మళ్ళా వస్తాయా?"

"తెలీదమ్మా."

"వస్తే కబురు చెయ్. బస్సులో నేనొక్కదాన్నే వస్తాను."

వ్యాను పోయాక ఆంజినప్ప మడి దిగువకు నడిచాడు. అక్కడి గండిలోంచి నీళ్ళు సన్నగా పక్క రైతు గుర్రప్ప మడిలోకి జారుతున్నాయి.

"మాదా, పార తీసుకోని రా. ఈ మందు నీళ్ళు ఆయప్ప మడికి పోగూడదు."

పార వచ్చేదాకా ఆగలేక, మోకాళ్ళ మీద కూర్చుని బురదతోనే గండి పూడ్చడం మొదలుపెట్టాడు.