దొంగతిండి

"అత్తా, తాళంచెవి" అని బుల్లెమ్మ చెయ్యి చాపింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పద్మావతమ్మ తాళంచెవి ఇవ్వలేదు. తనే లేచి సామాన్ల గది తలుపు తీసి, కోడలు బియ్యం కొలిచేదాకా గుమ్మంలో నిలబడింది. బెల్లం కుండ వైపు ఒక చూపు చూసి మళ్ళీ తాళం వేసింది.

రెండేళ్ళుగా బీపీకి బిళ్ళ మింగుతున్న బుల్లెమ్మకు ఈమధ్య షుగర్ కూడా బయటపడింది. ఇంకేముంది, "దొంగతిండి తింటే రాకేం జేస్తది?" అంది అత్త. ఇంట్లో అని ఊరుకుందా? మిరపతోటలో కాయ కోసే ఆడవాళ్ళందరి ముందూ అంది. అందరికీ వడ్డించి గిన్నెల అడుగు ఊడ్చుకు తినే మనిషికి దొంగతిండి ఎక్కడిదని అడిగినవాళ్ళు లేరు. నిద్రలో లేచి తింటున్నానా అని బుల్లెమ్మకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. మనసు అంతగా చచ్చిపోయింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఆమెతో కాదు, మొగుడు బసవపున్నయ్యతో మాట్లాడాడు.

"కొన్ని బీపీ బిళ్ళలు కొందరికి షుగర్ పెంచుతయి. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దాని మాట సరిగ్గా వినదు. ఈమె వాడేది అట్లాంటిదే, మారుస్తున్న. పోయిన నెల మీరొక్కరే రిపోర్టు తెచ్చినప్పుడు ఇదే చెప్పిన గదా, బిళ్ళ మార్చాలె, జల్దీ తీసుకురమ్మని?"

బసవపున్నయ్య మెడ గోక్కున్నాడు. ఎవరి మాటా జవదాటని ఇల్లాలికి ఒళ్ళొక్కటే మొండికేసిందన్నమాట. నవ్వు రావలసిన చోట బుల్లెమ్మకు ఏడుపు వచ్చింది.

బస్సులో అడిగింది. "నెల నుంచీ తెలిసి ఊకున్నరా?"

"చెప్తే అమ్మ చిన్నబోతది. నలుగుట్లో అనేసింది గదా. నువ్వూ ఈ ముచ్చట ఎత్తకు."

దొంగ అనిపించుకున్నది తనైతే, చిన్నబోయేది ఆ మాటన్న మనిషట! కిటికీ ఊచ పట్టుకుని దారి పొడవునా అదే నమిలింది. పుట్టింటికి పోతే సర్దుకోమని వెనక్కి పంపుతారు. మళ్ళీ ఆ ఇంటికే పోవాలి, ఆ గుమ్మంలోనే చెయ్యి చాపాలి.

ఊరి మొదట్లో దిగారు. రోడ్డు పక్కనే వాళ్ళ మిరపతోట. గట్టు మీద నిలబడి పని చేయిస్తున్న పద్మావతమ్మ కేకేసింది. "డాక్టరు ఏమన్నడురా?"

"తిండి తగ్గించమన్నడమ్మా," అన్నాడు కొడుకు.

కాయ కోస్తున్న జంపక్క తలెత్తి బుల్లెమ్మను జాలిగా చూసింది.

బుల్లెమ్మ సాళ్ళ మధ్యకు నడిచింది. "జంపక్కా, నాకు షుగరు పెరిగింది తిండితోటి కాదంట, బీపీ బిళ్ళతోటంట. ఈయనకు నెల కిందనే తెలుసు," అని తోటంతా వినపడేలా చెప్పింది.