అందించిన మాట

ధరూర్ దగ్గరి ఒక ఊళ్లో, పత్తి విత్తనాల చేనులో తల్లీకూతుళ్లు పక్కపక్క సాళ్లలో క్రాసింగ్ చేస్తున్నారు. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దే పని అది. ఎవరైనా వెనకబడితే పక్క సాలు మనిషి చెయ్యి చాచి నాలుగు పువ్వులు తానే రుద్దేస్తుంది. అడగాల్సిన పని లేదు, అక్కడ అది మర్యాద.

కూతురు శ్రీవాణి డిగ్రీ ముగించింది. చదువంతా తెలుగు మీడియమే. ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో ఫోనులో ఏఐని అడిగి, పని చేస్తూనే పైకి వల్లించేది.

"అమ్మా, డిసిషన్‌కు మేక్ కలుస్తది, డూ కలువదు."

"గట్లెందుకే?"

"గంతే. అందరు గట్లనే అంటరు."

"మన పువ్వుల లెక్కనే ఉందిగదా!" అని తల్లి సత్తెమ్మ నవ్వేది. అక్షరం ముక్క రాని ఆమెకు వినీ వినీ ఆ మాటలన్నీ నోటికొచ్చేశాయి.

హైదరాబాదు కంపెనీ ఒకటి ఫోనులోనే వీడియో ఇంటర్వ్యూ పెట్టింది. ఉద్యోగం వస్తే తల్లిని చేను మాన్పించాలని శ్రీవాణి ఆశ. వంగి వంగి సత్తెమ్మ నడుం ఎప్పుడో పోయింది, పాపం. ఇంట్లో సిగ్నల్ గడప దగ్గరే అందుతుంది గనుక, కూతురి ముఖం కనబడేలా తల్లే అక్కడ ఫోను పట్టుకుని నిలబడింది.

పిల్ల ఎంత బాగా మాట్లాడిందని! అవతలి అధికారి కూడా తలూపాడు. కోపంగా ఉన్న కస్టమర్‌కు ఏం చెబుతావని అడిగితే, "ఐ విల్ టేక్..." అని బెరుకుతో ఒక్క క్షణం ఆగింది.

"రెస్పాన్సిబిలిటీ!" అంది ఫోను వెనక నుంచి సత్తెమ్మ. సాలులో వెనకబడిన బిడ్డకు చెయ్యి అందించినట్టే అందించింది.

అధికారి ముఖం మారిపోయింది. "పక్కన ఎవరు చెప్తున్నారు?"

"మా అమ్మ సార్. ఆమెకు చదువు రాదు, నేను చదువుతుంటే విని..."

"చదువు రాని అమ్మ చెప్పిందా? తెలుగు మీడియం పిల్లకు ఇంత ఇంగ్లీషేంటని ముందే అనుకున్నా." ఫోను కట్టయింది.

ఇంకొక్క ప్రశ్న అడిగి చూస్తే ఆయన సొమ్మేం పోయేది? ఆపాటి ఓపిక లేకపోయింది ఆ పెద్దమనిషికి!

"నా నోరు పడిపోను! నేనే ఆగం జేస్తి బిడ్డా," అని సత్తెమ్మ గడపలో కూలబడింది.

"నీ తప్పేం లేదమ్మా," అన్నదే గానీ శ్రీవాణి మళ్లీ ఇంగ్లీషు మాట ఎత్తలేదు.

మర్నాడు చేనులో శ్రీవాణి వెనకబడింది. సత్తెమ్మ చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకుంది.

అయ్యా, ఏ మాట ఏ మాటతో కలుస్తుందో యంత్రం ఓపిగ్గా నేర్పింది. పేదింటి బిడ్డ నోటికి మంచి ఇంగ్లీషు కలవదని తేల్చింది మాత్రం మనుషులమే.