నాలుగు వందల గొంతులు

"గంటలో ఆ సైటు పేరు పీకెయ్! పోలీసుల మెయిలు!" అన్నాడు మేనేజరు. మాటలు టపటపా పేలుస్తాడని ఆఫీసులో ఆయన్ని చాటుగా తుపాకీ అంటారు.

వెబ్‌సైట్లకు పేర్లు అమ్మే కంపెనీ అది. పేరు ఆపేస్తే ఇంటికి తాళం వేసినట్టే. లోపల ఏమున్నా ఎవరూ చేరలేరు. ఆ తాళం ఫిర్యాదులు చూసే అమ్మాయి చేతిలో ఉంది.

ఆమె మెయిలు రెండుసార్లు చదివింది. జనం ఫైళ్లు దాచుకుని పంచుకునే చిన్న సైటు. ఎవరో అందులో కొత్త సినిమా పెట్టారట. దానికి సైటు మొత్తం ఆపాలట.

"సార్, కోర్టు ఉత్తర్వేదీ?"

"పోలీసులే అడుగుతుంటే కోర్టెందుకు తల్లీ? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!"

"ఉలిపికట్టెనే అనుకోండి. అవతలివాళ్ల మాట కూడా వినాలిగా. పది నిమిషాలు."

"ఐదు!"

సైటు యజమానికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఒక పెద్దావిడ పలికింది.

"మా ఆయన మాట్లాడలేరమ్మా. క్యాన్సరొచ్చి స్వరపేటిక తీసేశారు. ఆయన రాస్తారు, నేను చదువుతా."

అమ్మాయి విషయం చెప్పింది. అవతల కలం గీరిన చప్పుడు.

"ఆపరేషనుకి ముందు రోగులు గొంతు రికార్డు చేసి దాచుకుంటారని ఈ సైటు పెట్టారట. నాలుగు వందల మందివి ఉన్నాయి. కొందరు పోయారు కూడా. సినిమా ఎవడు పెట్టాడో గానీ, ఇప్పుడే తీసేశారు. మిగతావి వేరేచోట దాచడానికి రెండ్రోజులు ఇప్పించమంటున్నారు."

అమ్మాయి సైటు తెరిచి చూసింది. సినిమా లేదు.

"బాబాయిగారి గొంతూ ఉందా పిన్నిగారూ?"

"ఉండకేం? రోజూ వింటా. ఇదిగో."

ఒక మగగొంతు ఖంగుమంది. "ఏమోయ్, నా కళ్లజోడు ఎక్కడ దాచావ్? ఆఁ? నెత్తిమీదుందా? ముందే చెప్పొద్దూ!"

పెద్దావిడ నవ్వింది. ఆమె పక్కనే ఉత్త గాలిలాంటి మరో నవ్వు వినిపించింది.

ఈసారి తుపాకీ మెల్లగా "జరుగు" అని కీబోర్డు లాక్కుని తానే జవాబు కొట్టాడు. "సినిమా తొలగించారు. సైటు మొత్తం ఆపాలంటే కోర్టు ఉత్తర్వు పంపండి. అందాకా ఆపం."

పంపేసి గొణిగాడు. "పైవాళ్లు నా ఉద్యోగం పీకితే?"

"ముందు మీ మాట వినమని అడుగుతా సార్."

"అమ్మా, ఉన్నావా? రెండ్రోజులు ఇస్తారా?" ఫోన్లో పెద్దావిడ.

"తొందర లేదండీ. కోర్టు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోరు."

అవతల కలం గీరిన చప్పుడు వినిపించలేదు.

"బాబాయిగారు ఏమంటున్నారు?"

"ఏమీ రాయట్లేదమ్మా. కలం పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకున్నారు."