వరుస తప్పాల్సిన గొట్టం

బడిలో సైన్సు ప్రదర్శన రేపనగా మైదానంలో పిల్లలతో సూక్ష్మనాళిక కట్టించాను. కణానికి అదే వాసం, అదే దారి. జంటలు జంటలుగా అతుక్కున్న ప్రోటీన్ గింజలు పేటలవుతాయి. పదమూడు పేటలు గుండ్రంగా చేరితే బోలు గొట్టం. గొట్టాన్ని నిలువునా కోసి పరిచినట్టు నేను ఆరు పేటలతో సరిపెట్టుకున్నాను. ఎర్రటోపీ, నీలిటోపీ ఒక జంట. ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. అందరూ బుడ్డమ్మ అని పిలిచే పిల్ల వీపున సంచితో, ఒక పాదం ఆనించాకే రెండోది ఎత్తుతూ పేట వెంట నడిచింది. కణంలో సరుకు మోసే కూలీ తనే.

మేడమీద డ్రాయింగు గదిలో, అక్కడ బొమ్మలు నేర్పే మా వదిన కుంచెలు సర్దుకుంటోంది. రేపటినుంచి రానని పొద్దునే హెడ్‌మాస్టరుకు చెప్పేసింది. అన్నయ్య పోయాక ఇంట్లో మేమిద్దరం ఆయన మాట ఎత్తం. ఈ బడి కూడా మానేస్తే ఆమె గడప దాటదని నా భయం. ఉండిపొమ్మని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఇక గొట్టం కూలాలి. కణం రెండయ్యేటప్పుడు గొట్టాలు కొసనుంచి విడిపోతూ పొట్టివైతేనే క్రోమోజోములు చెరోవైపు చేరతాయి. డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. పిల్లలు టోపీలు సర్దుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ బారుగా వెళ్ళిపోయారు. వరుస తప్పినవాళ్ళను మైదానం చుట్టూ పరుగెత్తించే బడి మాది. మళ్ళీ చేయిస్తే మళ్ళీ అంతే. ఒక్కడు కూడా తప్పలేదని మాస్టారు మురిసిపోయారు. నేను తల పట్టుకున్నాను.

పైన కిటికీ తెరుచుకుంది.

"డ్రిల్లు మాస్టారూ, అది గొట్టం కూలడమా, టిక్కెట్ల క్యూనా?"

వదిన రంగు చేతులతోనే మెట్లు దిగి వచ్చింది. తరగతి గోడమీది పటంలో ఆ గొట్టం గీసింది తనే. ఆకారం తప్పితే చూస్తూ ఊరుకోలేదు. కొసన ఉన్న పిల్లల్ని భుజాలు పట్టి బయటికి వంచింది.

"అరటిపండు తొక్క ఒలిచినట్టు రావాలిరా. ఎటు పేట అటే. విడిపోయాక దిక్కులు చూస్తూ నిలబడకండి, పోయి ఇంకోచోట కొత్త గొట్టం కట్టండి."

ఈల మోగింది. పిల్లలు కేరింతలతో చెల్లాచెదురయ్యారు. ఆ తోపులాటలో మాస్టారు చతికిలబడ్డారు. వదిన పకపకా నవ్వింది. నేను కిందపడ్డ టోపీలు ఏరుతూ కాసేపు తల ఎత్తలేదు.

"అమ్మాయ్, ఈ ఎర్రటోపీలు మరీ వెలిసిపోయాయి," అంది నాతో. "రంగు వెయ్యాలి. రేపు ఎన్నింటికి మొదలు?"

చెప్పాను. అంతకంటే ముందే వస్తానంటూ హెడ్‌మాస్టరు గదివైపు నడిచింది.