బేరం బావ కొన్న కారు

మా ఆయన బేరానికి కూర్చుంటే అవతలివాడు దుకాణం కట్టేసుకోవాల్సిందేనని మా వాళ్లందరికీ గట్టి నమ్మకం. మా చెల్లెళ్లు ఆయన్ని బేరం బావ అంటారు. ఫ్రిజ్ కొనాలన్నా, పరుపు కొనాలన్నా, ఆఖరికి కళ్లజోడు ఫ్రేము కొనాలన్నా ముందు ఈయనకే ఫోను. ఈయన వెళ్తారు, కుర్చీలో వెనక్కి వాలి, "చివరి మాట చెప్పు" అంటారు. అవతలివాడు చెప్తాడు. "ఇది చివరి మాట కాదు" అంటారు. అలా రాబట్టిన చివరి మాటలన్నీ ఇంటికొచ్చి నెల రోజులు చెప్పుకుంటారు. కొన్న వస్తువు ఎలా పనిచేస్తోందని మాత్రం ఎవరూ అడగరు.

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, మోకాలు మార్పించుకున్నవాళ్లు నా పేషెంట్లు. చేతిలో ఎనిమిది కిలోల మిషన్ పెట్టె, భుజాన రబ్బరు పట్టీలూ చిన్న దిండ్లూ కుక్కిన సంచీ. రోజుకు ఐదిళ్లు, ఏడు బస్సులు. ఊళ్లోవాళ్ల నడుములన్నీ బాగుచేసి ఇంటికొచ్చేసరికి నా నడుము పట్టేసేది. ఇంటి ఖర్చుల్లో నా వాటా పోగా మిగిలింది తొమ్మిదేళ్లు దాచి ఒక చిన్న కారుకు సరిపడా కూడబెట్టాను. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. నా పెట్టె పెట్టుకోవడానికి నాకో డిక్కీ ఉండాలి, దాని తాళం నా సంచీలో ఉండాలి.

ఒక మంగళవారం ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన గంటన్నరలో, ఎవరికీ చెప్పకుండా, ఊరి ఆ చివరనున్న షోరూముకు నేనొక్కదాన్నే వెళ్లాను. గుమ్మంలో నిలబడ్డ మనిషి నా వెనక్కి చూసి, "సార్ బండి పార్క్ చేసి వస్తున్నారా మేడమ్?" అన్నాడు. సార్ లేరు, నేనే అన్నాను. అతను నన్నూ నా పెట్టెనూ చూసి, లోపల ఖాళీగా ఉన్న ఒకావిడకు అప్పగించి వెళ్లిపోయాడు.

నాకు బేరమాడటం రాదు. వచ్చిన విద్య ఒకటే. బిగుసుకుపోయిన కండరాన్ని లాగి పట్టుకుని మనసులో ముప్పై లెక్కపెట్టాలి. పేషెంటు మూలుగుతాడు, బతిమాలతాడు, ఒక్కోసారి తిడతాడు కూడా. మనం మాట్లాడకూడదు, వదలకూడదు. ఇరవై దాటాక కండరం దానంతటదే లొంగుతుంది. ఆవిడ ధర చెప్పగానే నేను ఆవిడ మొహంలోకి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగు దగ్గర మంచినీళ్లు తాగుతారా అంది. ఇరవై రెండు దగ్గర, ఇన్సూరెన్సులో కాస్త చూడొచ్చు అంది. ముప్పై కాకుండానే లేచి లోపలికి వెళ్లి ఎవరినో అడిగొచ్చింది. అలా నాలుగుసార్లు జరిగాక ముప్పై ఐదు వేలు తగ్గించి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చింది. "నెలాఖరు దాకా ఈ ధర మీదే మేడమ్" అంది. ఆవిడ మెడ ఒకవైపే తిప్పుతోందని గమనించి రెండు వ్యాయామాలు చూపించాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీ లోపలి అరలో దాచుకున్నాను. ఆ రోజు బస్సులో నిలబడే వచ్చాను, కాని కూర్చున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి, కారు కొందామనుకుంటున్నాను అన్నాను. ధర కూడా మాట్లాడుకొచ్చానని చెప్పబోయాను. అప్పటికే మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆయన జీవితంలో అప్పటిదాకా కారు బేరం తగల్లేదు.

"ఆదివారం వెళ్దాం. మన పక్క వీధి షోరూము చాలు" అన్నారు. "నువ్వొక్కదానివీ వెళ్లేవు. నీ మొహం చూడగానే పదివేలు పెంచి చెప్తారు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. నువ్వు పక్కన కూర్చో, నోరు మెదపకు, చాలు."

ఆదివారం పూట మనిషి సరదా ఎందుకు పాడుచేయడం అనుకున్నాను. ఆ మంచితనాన్ని తలుచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

షోరూములో సెంటు వాసన, కాలు జారే నేల, అద్దాలన్నీ తుడిచి తుడిచి ఉన్నాయి. టై కట్టుకున్న సేల్స్‌మన్ మా ఎదురుగా కాదు, మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు సార్ అన్నాడు. "ఓ నలభై ఉంటుంది" అన్నారు ఈయన, ఆ నలభై ఈయనే తిరుగుతున్నట్టు. నడిపి చూడమంటే ఈయనే నడిపారు. నేను వెనక సీట్లో కూర్చుని, మెడ తిప్పి డిక్కీని జానలతో కొలుచుకున్నాను. నా పెట్టె రెండు జానలు. ఇంకా చోటు మిగులుతుంది. ఆ సంతోషంలో ఉండగా సేల్స్‌మన్ నావైపు తిరిగి, ఎంతో గౌరవంగా, "మేడమ్, మీకు ఏ కలర్ ఇష్టం?" అన్నాడు. నాకూ ఒక ప్రశ్న దక్కింది. దుమ్ము కనబడదని బూడిద రంగు చెప్పాను.

ఇక బేరం మూడు గంటలు నడిచింది. సేల్స్‌మన్ మాటిమాటికీ మేనేజరును అడిగొస్తానని అద్దాల గదిలోకి వెళ్లేవాడు. నేను కూర్చున్నచోటి నుంచి ఆ గది కనబడుతూనే ఉంది. అందులో ఎవరూ లేరు. ఇతను మంచినీళ్లు తాగి, ఫోను చూసుకుని, బయటికొచ్చే ముందు మొహం వేలాడేసుకునేవాడు. ఈయన ఒకసారి లేచి తలుపు దాకా వెళ్తే వెనక్కి పిలిచాడు. రెండోసారి లేచి ఎండలో పార్కింగ్ దాకా వెళ్తే పిలవలేదు. అక్కడ పావుగంట నిలబడి, ఫోనులో ఎవరితోనో మాట్లాడినట్టు నటించి, "గొడుగు మర్చిపోయాం" అంటూ మళ్లీ లోపలికి నడిచారు. మేము గొడుగు తీసుకెళ్లనేలేదు.

చివరికి ఇరవై మూడు వేలు తగ్గింది. మా ఆయన చెమట తుడుచుకుని, కొండను తవ్వి ఎలుకను పట్టుకుని, నావైపు గర్వంగా చూశారు. "సార్ లాంటి కస్టమర్‌ని నా సర్వీసులో చూడలేదు మేడమ్" అన్నాడు సేల్స్‌మన్. నా సంచీలో ఇదే బండికి ముప్పై ఐదు వేలు తగ్గించిన కాగితం ఉంది. చెయ్యి జిప్పు మీదికి వెళ్లింది కూడా. ఆ కాగితం అప్పుడు తీస్తే పరాయివాళ్ల ముందు ఆయన పరువు పోతుంది. ఇంటికెళ్లాక మెల్లగా చెప్పి, రేపు అక్కడే కొనొచ్చులే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అంతలో సేల్స్‌మన్, "సార్, మీరు ఎక్కడ పనిచేస్తారు?" అన్నాడు. ఈయన చెప్పారు. "ముందే చెప్పకపోయారా సార్. మీ కంపెనీవాళ్లకు ఇంకో పదిహేను వేలు తగ్గింపు ఉంది. ఈ రోజే బుక్ చేయాలి. బండి మీ పేరు మీద ఉండాలి, అంతే."

ఇరవై మూడూ పదిహేనూ ముప్పై ఎనిమిది. నా కాగితం కంటే మూడు వేలు ఎక్కువ. లెక్క నాకు వెంటనే తెలిసింది.

"ఎవరి పేరైతే ఏముంది, ఇంట్లో బండేగా" అన్నారు మా ఆయన. ఇద్దరూ నన్ను చూశారు. పక్క టేబులు వాళ్లూ చూశారు. వద్దు, నా పేరు మీదే కావాలి అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాల్లో నేను, ఈ మాటంటే మొగుడి మీద నమ్మకం లేని మనిషినవుతాను కదా అని ఆలోచించి, తలూపాను.

డబ్బు నా ఖాతాలోంచి వెళ్లింది. ఫోనుకొచ్చిన ఆరంకెలూ నేనే చదివి చెప్పాను. సంతకాలు ఆయన చేశారు. బండి ఇచ్చే రోజు అట్టతో చేసిన మూరెడు తాళంచెవి ఆయన చేతికిచ్చి, పూలగుత్తి నా చేతిలో పెట్టి ఫొటో తీశారు. సొమ్మొకరిది సోకొకరిది అని నాకు అప్పుడే తట్టింది. అయినా ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

అబద్ధం ఎందుకు, ఆ తర్వాత పద్నాలుగు నెలలు నేను రాజ్యమేలాను. ఐదిళ్లు ఏడిళ్లయ్యాయి. నా నడుము నొప్పి మానింది. తుంటి విరిగి ఆరు నెలలుగా మంచం దిగని ఒక పెద్దావిడ, నీ కారు చూడాలే అని, నా భుజం పట్టుకుని గేటు దాకా నడిచొచ్చింది. వానలో అద్దాలెత్తుకుని, ఒక్కదాన్నే కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ చపాతీ తిన్న మధ్యాహ్నాలున్నాయి.

తర్వాత మా ఆయనకు ప్రమోషనొచ్చింది. ఆ హోదాలో ఉన్నవాళ్లంతా పెద్ద బండ్లలో వస్తున్నారని రెండు మూడుసార్లు అన్నారు. నేను ఊఁ కొట్టాను.

ఒక శనివారం ఉదయం పనికి బయల్దేరి తలుపు తీస్తే మెట్టు మీద నా మిషన్ పెట్టె ఉంది. దాని పక్కన దిండ్లు, చుట్ట చుట్టిన రబ్బరు పట్టీలు, నేను డిక్కీలో ఉంచుకునే పాత చెప్పుల జత, అన్నీ శుభ్రంగా సర్ది ఉన్నాయి. కారు లేదు. ఫోను చేస్తే, "షోరూముకు రా, నీకో సర్‌ప్రైజ్" అన్నారు.

వెళ్లాను. నా బూడిద రంగు కారు షోరూము వెనక గోడవారగా ఉంది. అద్దం మీద ఏదో నంబరు రాసిన చీటీ అంటించారు. లోపల అదే టేబులు, అదే టై.

"ఎక్స్‌ఛేంజిలో ఎంత లాగానో చెప్తే నమ్మవు" అన్నారు మా ఆయన.

"అది నా కారు" అన్నాను.

"మన కారు. కొత్తది కూడా మనదే. రోజూ ఆఫీసుకు నేను తీసుకెళ్తాను. ఆదివారాలు నీకెక్కడికి కావాలంటే అక్కడ దింపుతాను."

"ఆదివారం నాకు పేషెంట్లు లేరు. మిగతా రోజుల మాటేంటి?"

"ఇన్నాళ్లూ బస్సులో వెళ్లలేదా ఏంటి?"

నేను సేల్స్‌మన్ వైపు తిరిగి, నాకిష్టం లేదు, ఆపండి అన్నాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "ఓనరు సార్ కదా మేడమ్. సంతకాలు కూడా అయిపోయాయి" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. పద్నాలుగు నెలలుగా సంచీ లోపలి అరలోనే ఉన్న కాగితం తీసి టేబులు మీద పెట్టాను. మడతల దగ్గర చిరుగుతోంది, ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు.

"మీరు ఇక్కడ మూడు గంటలు ఆడిన బేరం, అంతకు ఐదు రోజుల ముందే నేనొక్కదాన్నీ ఆడి వచ్చాను" అన్నాను. "ముప్పై ఐదు వేలు తగ్గించారు, నా పేరు మీద. పదిమందిలో మీ పరువు పోతుందని తీయలేదు. మూడు వేల కోసం నా కారు మీకు రాసిచ్చాను."

మా ఆయన కాగితం అందుకుని పై నుంచి కింది దాకా చదివారు. తేదీ చూశారు. ముద్ర చూశారు. మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి చదివారు. అర్థమైంది, ఇప్పటికైనా అర్థమైంది అనుకున్నాను. నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆయన కాగితాన్ని టేబులు మీద అరచేత్తో సాపు చేసి, సేల్స్‌మన్ వైపు తిప్పారు.

"చూశావా? ఇదే బండికి ఆ చివర షోరూమువాళ్లు ముప్పై ఐదు వేలు తగ్గించారు, అదీ ఆడమనిషికి. నన్ను ఇరవై మూడుతో సరిపెట్టారు. ఆ పన్నెండు వేలూ ఇప్పుడు ఈ కొత్త బండిలో తగ్గించాల్సిందే."

సేల్స్‌మన్ కాగితం పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్లాడు. ఈసారి లోపల నిజంగానే మేనేజరున్నాడు. మా ఆయన నా భుజం తట్టి, "ఇలాంటివి ఉంటే ముందే ఇవ్వాలి కదే" అన్నారు మెచ్చుకోలుగా.

సేల్స్‌మన్ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఒప్పుకున్నారు సార్" అని కూర్చుని, ఫారం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశాడు. ఒక్క గడే మిగిలినట్టుంది. నావైపు తిరిగి, అప్పటిలాగే గౌరవంగా, "మేడమ్, మీకు ఏ కలర్ ఇష్టం?" అన్నాడు.

నేను మా ఆయన మొహంలోకి చూస్తూ మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది దగ్గర ఆయన వాచీ చూసుకున్నారు. పదిహేను దగ్గర రంగుల కాగితం అటూ ఇటూ తిప్పారు.

పంతొమ్మిది దగ్గర, "బూడిద రాసుకో" అన్నారు. "ఆవిడకు అదే ఇష్టం."